సైటుకెళ్ళిన పిల్ల

గత డిసెంబరు నుంచి మా ఇంట్లో ఒక కొత్త భాష నడుస్తోంది. రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగితే చాలు, సెంట్రింగు, స్టిరప్పులు, స్లంపు, షట్టరింగు... నేను బీఏలో ఛందస్సు చదువుకున్న మనిషిని. ఆటవెలది, తేటగీతి తప్ప వేరే కొలతల జోలికి పోలేదు. తాపీ ధర్మారావు గారి పేరు పరీక్షల్లో రాశాను గానీ, తాపీ మేస్త్రీ చేతిలో ఎలా తిరుగుతుందో దగ్గర నిలబడి చూసింది లేదు. అలాంటిదాన్ని ఇవాళ స్తంభంలో ఇనుప కడ్డీకి బయట ఎన్ని మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తున్నాను. నలభై. అంతా మా పెద్దమ్మాయి పుణ్యం.

అది ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతోంది. పదో తరగతి తర్వాత మూడేళ్ళ చదువు. మూడో ఏడాదిలో ఆరు నెలలు ఏదైనా కంపెనీలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ చెయ్యాలి. కంప్యూటర్ల పిల్లలైతే ఫ్యాను కింద కూర్చుంటారు. మెకానికల్ వాళ్ళకి రేకుల షెడ్డయినా ఉంటుంది. సివిల్ పిల్లలకి మాత్రం పైకప్పు ఉండదు. వాళ్ళు కట్టబోయేదే అది మరి.

కాలేజీవాళ్ళు కొందరికి చోటు చూపించారు. ఆ కంపెనీలు మగపిల్లల్నే పంపమన్నాయట. మిగిలినవాళ్ళు ఎవరికి వాళ్ళే వెతుక్కోవాలి. మా వారికి గుడివాడలో ఎరువుల కొట్టుంది. కొట్టుకొచ్చే వాళ్ళలో బిల్డర్ల బంధువులు, కాంట్రాక్టర్ల స్నేహితులు చాలామందే ఉన్నారు. వాళ్ళ ద్వారా నాలుగు చోట్ల అడిగించారు. ఒకాయన "ఆడపిల్లా? అయ్యో, సైటు మీద కష్టమండీ, సర్టిఫికెట్ ఇప్పించేస్తాను, ఇంట్లో ఉంచుకోండి" అన్నాడు. ఇంకొకాయన "మా దగ్గర ఆడవాళ్ళు లేరండీ" అన్నాడు. ఉన్నారు! వాళ్ళ సైటు మీద ఇటుకలు, ఇసుక మోసే వాళ్ళంతా ఆడవాళ్ళే. తట్ట మోస్తే ఆడవాళ్ళ లెక్కలోకి రారు కాబోలు.

ఇంట్లో కూర్చుని సర్టిఫికెట్ తెచ్చుకోవడం అన్నది, మీలో ఇంజినీరింగు చదివే పిల్లలున్న వాళ్ళకి తెలిసే ఉంటుంది, చాలామంది చేస్తున్నదే. కొంత డబ్బు కడితే ఆరు నెలల హాజరు, ప్రాజెక్టు రిపోర్టు, అన్నీ బైండింగు చేసి చేతిలో పెట్టే వాళ్ళున్నారట. మా పిల్ల ఆ మాట వినగానే "అయితే ఇంక చదవడం ఎందుకమ్మా" అంది. ఐదోచోట, పోరంకి వైపు కడుతున్న ఒక అపార్టుమెంటు సైటులో దొరికింది. స్టైపెండు లేదు. బెంజి సర్కిల్ దగ్గర లేడీస్ హాస్టల్లో ఉండి, పొద్దున్నే బందరు రోడ్డు మీద సిటీ బస్సులో వెళ్ళాలి. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

చేరే ముందు ఒక కాగితం ఇచ్చారు, తల్లిదండ్రులు సంతకం పెట్టాలని. ఇంగ్లీషులో, సగం పేజీకి ఒకటే వాక్యం. మా వారు పెన్ను తీశారు. ఆగండని నేను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. సారాంశం ఏమిటంటే, సైటు మీద పిల్లకి ఏదైనా జరిగితే కాలేజీకి బాధ్యత లేదు, కంపెనీకి బాధ్యత లేదు. మరి ఎవరికుంది? ఆరు నెలలపాటు ఈ పిల్ల ఎవరి పిల్ల? కాలేజీ అనేది "పంపించేశాం కదా" అని, కంపెనీ అనేది "కాలేజీ పిల్లే కదా" అని. ఇద్దరి మధ్యా ఉన్న సందులో మా అమ్మాయి, దాని నెత్తిన ఒక పసుపు హెల్మెట్. ఆ హెల్మెట్ కూడా మేము కొన్నదే.

సంతకం పెట్టక తప్పలేదు, పెట్టకపోతే చదువు ఆగిపోతుంది. అయితే ఆ రాత్రి దాన్ని కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పాను, మీకూ చెబుతున్నాను. పని చేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపులు జరక్కుండా 2013లో వచ్చిన చట్టం ఉంది చూడండి, అందులో ఉద్యోగి అంటే జీతం తీసుకునేవాళ్ళే కాదు. ట్రైనీలు, అప్రెంటిసులు కూడా వస్తారు. పదిమంది, ఆపైన పని చేసే చోట కమిటీ ఉండాలి. అది లేనిచోట జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది. "నేను స్టూడెంటునే కదా, నాకేం వర్తిస్తుంది" అని పిల్లలు అనుకుంటారు. వర్తిస్తుంది. దేవుడి దయవల్ల దానికి ఆ అవసరం రాలేదు.

అత్తయ్యగారికి మాత్రం అసలు ఈ చదువే నచ్చలేదు. "ఆడపిల్ల గోడలెక్కడమేమిటే" అని రోజూ ఒక పాట. ఆవిడకి సమాధానంగా నేను పేపరు కత్తిరించి దాచిన ముక్క ఒకటి చూపించాను. 2025 జూన్‌లో జమ్మూ కశ్మీరులో చీనాబ్ నది మీద రైలు వంతెన మొదలైంది కదా, నదికి 359 మీటర్ల ఎత్తున. దానికి పదిహేడేళ్ళపాటు రాళ్ళూ వాలులూ లెక్క చూసి సలహా చెప్పిన ప్రొఫెసర్ మాధవీలత గారు మన ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు ఆడపడుచే. అత్తయ్యగారు ఫొటో కేసి కాసేపు చూసి "బొట్టు పెట్టుకుంది" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే లెక్క.

ఇంకా వెనక్కి వెళితే అయ్యలసోమయాజుల లలిత గారున్నారు. మన తెలుగు ఇంటి పిల్ల, మద్రాసులో పెరిగారు. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు, ఒడిలో నెలల పాప. అప్పుడు గిండీ కాలేజీలో చేరి మన దేశంలో మొదటి మహిళా ఇంజినీరుగా బయటికొచ్చిన వాళ్ళలో ఒకరయ్యారు. ఆవిడ కూడా చదువు చివర ప్రాక్టికల్ ట్రైనింగ్ కోసం బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది పని చేశారు. 1940ల మాట అది. ఆ వర్క్‌షాపులో ఆవిడ మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని అన్నం తిన్నారో, కాలకృత్యాలకి ఎక్కడికి వెళ్ళారో ఏ పుస్తకమూ చెప్పదు. మా అమ్మాయి ట్రైనింగు మొదలయ్యాక నాకు ముందు వచ్చిన సందేహం అదే.

ఎందుకంటే మొదటివారం ఫోన్లలో అది చదువు గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. "బాగుందమ్మా, బాగుందమ్మా" అనేది. ఆదివారం ఇంటికొచ్చింది. రెండు సీసాల నీళ్ళు గటగటా తాగింది. పెదాలు పగిలి ఉన్నాయి. నేను అడగ్గా అడగ్గా చెప్పింది. సైటు మీద బాత్రూం ఒకటే ఉందట, ఆఫీసు గది వెనకాల. తలుపుకి గడియ లేదు. ఇంజినీర్లు, సూపర్‌వైజర్లు, లారీ డ్రైవర్లు అందరూ దాన్నే వాడతారు. కూలి ఆడవాళ్ళు వెనక ఖాళీ స్థలంలో తుమ్మచెట్ల వైపు వెళతారు. ఇది పొద్దున ఏడున్నరకి హాస్టల్లో బాత్రూంకి వెళితే మళ్ళీ సాయంత్రం ఆరున్నరకే. అందుకని నీళ్ళు తాగడం మానేసింది. ఎండలో, సిమెంటు దుమ్ములో, రోజంతా అర లీటరు కూడా తాగకుండా. నెలసరి రోజుల సంగతి నేను అడగలేదు, అది చెప్పలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

నాకు వచ్చిన కోపానికి అంతు లేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం చేశారు. పని జరిగే ప్రతి చోటా తాగునీరు, మరుగుదొడ్లు యజమానే ఏర్పాటు చెయ్యాలని అందులో రాశారు. దాదాపు ముప్ఫై ఏళ్ళయింది. వందమందికి పడకగదికొక బాత్రూం చొప్పున కట్టి అమ్మే చోట, వాటిని కట్టే ఆడదానికి ఒక్క గడియ పెట్టిన తలుపు లేదు.

మా వారు "నేను వాళ్ళతో మాట్లాడతాను" అన్నారు. "నాన్న మాట్లాడితే రేపటి నుంచి నన్ను ఆఫీసులో కూర్చోబెడతారు" అని అది ఏడుపు మొహం పెట్టింది. దాని భయంలో న్యాయం ఉంది. ఆడపిల్ల ఇబ్బంది అని నోరు తెరిస్తే, ఇబ్బంది తీసెయ్యరు, ఆడపిల్లనే తీసేస్తారు.

దారి చూపించింది ఒక కూలి మనిషి. శ్రీకాకుళం నుంచి వచ్చిన పెద్దావిడ, మొగుడు సెంట్రింగు పని, ఈవిడ ఇటుకలు అందిస్తుంది. ఈ పిల్ల మధ్యాహ్నం క్యారేజీ తింటూ నీళ్ళు తాగకపోవడం రెండు రోజులు గమనించిందట. "ఏటి పాపా, నీల్లు తాగవేటి? వడదెబ్బ తగిలి పడిపోతావు" అని చెయ్యి పట్టుకుని రోడ్డు అవతల ఒక ఇంటికి తీసుకెళ్ళింది. ఆ ఇంటావిడ దగ్గర ఈవిడ పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేస్తుంది. జీతం బదులు ఇంటి వెనక బాత్రూం వాడుకునే ఒప్పందం! ఆ ఒప్పందంలోకి మా పిల్లని కూడా చేర్చింది. ఆ ఇంటావిణ్ణి నేను తర్వాత ఒకసారి కలిసి పండ్లు, పసుపు కుంకుమ ఇచ్చి వచ్చాను. ఆ ముగ్గేసే ఆవిడకి చీర పెడితే తీసుకోలేదు. "పాపకి అచ్చరాలు వచ్చు, మా మనవడికి ఓ ఉత్తరం ముక్క రాయించుకున్నాను, సరిపోనాది" అందట.

ఇక పని సంగతి. నేర్పించడానికి తీసుకున్న వాళ్ళు మొదటి నెల ఏమి నేర్పించారయ్యా అంటే, కూలీల హాజరు వెయ్యడం, సిమెంటు లోడు చలాన్లు ఫైలు చెయ్యడం, సైటు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టడం. పైకి వెళతానంటే "దూరం నుంచి చూడమ్మా, పరంజా ఎక్కొద్దు, పడితే మాకు తలనొప్పి" అనేవాళ్ళు. దూరం నుంచి చూసి నేర్చుకునేదైతే బందరు రోడ్డు మీద బస్సులో వెళ్ళే వాళ్ళందరూ ఇంజినీర్లే అవ్వాలి. రోజూ లాగ్‌బుక్కులో ఇవాళ ఏమి నేర్చుకున్నావో రాసి సంతకం పెట్టించుకోవాలి. హాజరు పట్టీ వేశాను అని ఎన్ని రోజులు రాస్తుంది?

అది మెల్లిగా రాడ్డు పని చేసే వాళ్ళ పక్కన చేరింది. ఆ మేస్త్రీ ఒడిశా ఆయన, తెలుగు వచ్చు. పాతికేళ్ళుగా కడ్డీలు వంచుతున్నాడు. కాలేజీలో దీనికి నేర్పింది బార్ బెండింగ్ షెడ్యూలు, అంటే ఏ కడ్డీ ఎంత పొడవు కొయ్యాలి, ఎక్కడ వంచాలి అన్న పట్టిక. నూటికి తొంభై మార్కులొచ్చాయి. అక్కడ మేస్త్రీ డ్రాయింగు వంక ఒక్కసారి చూసి, చాక్‌పీసుతో నేల మీద గీత గీసి, మూడు నిమిషాల్లో లెక్క చెప్పేశాడట. ఇది కాగితం మీద వేసుకుని ఇరవై నిమిషాలకి తేల్చింది. ఇద్దరి లెక్కా రెండు అంగుళాలు తేడా. మేస్త్రీదే రైటు, వంపు దగ్గర కడ్డీ సాగుతుందని ఈవిడగారు సరిగా తగ్గించలేదు. "మీ పుస్తకంలో ఉంది పాపా, నువ్వు చూడలేదు" అన్నాడట ఆయన నవ్వుతూ. అప్పటినుంచి ఆయన్ని బాబాయ్ అంటుంది. ఇది ఆయనకి సెల్లులో కొలతల యాప్ ఎలా వాడాలో నేర్పింది. ఆయన దీనికి కడ్డీకి తీగ ముడి ఎలా వెయ్యాలో నేర్పాడు. ఇంటికొచ్చి పూలదండకి అదే ముడి వేసి చూపించింది, నేను కట్టిన దాని కంటే గట్టిగా ఉంది.

స్లాబు వేశాక దాని మీద చిన్న గట్లు కట్టి, మన వరిమళ్ళలో లాగా నీళ్ళు నిలబెడతారట. సిమెంటు అంటే తడి ఆరితే గట్టిపడుతుందని మనం అనుకుంటాం కదా, కాదట. తడి ఉంటేనే గట్టిపడుతుంది. తక్కువలో తక్కువ ఏడు రోజులు, ఎండలు మండే రోజుల్లో పది రోజులు తడపాలి. ఈ మాట విన్నాక మా వారికి కూడా ఆసక్తి పుట్టింది. "అంటే నారుమడి లాగే" అన్నారు. ఆరు నెలల్లో తండ్రీకూతుళ్ళు ఒక విషయం గురించి పది నిమిషాలు మాట్లాడుకోవడం అదే మొదలు.

దాని క్లాసులో మగపిల్లల బాధలు వేరు. ఒకడు అనంతపురం అవతల రోడ్డు పనికి వెళ్ళాడు. నలుగురు కలిసి ఒక రేకుల గదిలో ఉంటూ, వంట చేతకాక నెలరోజులు గుడ్లు, బ్రెడ్డు తిని గడిపారట. ఇంకొకణ్ణి రాత్రి స్లాబులకి మాత్రమే పిలిచేవాళ్ళు. తెల్లవార్లూ నిలబెట్టి పొద్దున మళ్ళీ డ్యూటీ అనేవాళ్ళు. పైసా ఇవ్వరు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు, కొడుకు చదువు అయిపోయాక చేదోడు వస్తుందనుకుంటే ఇప్పుడు నెల నెలా గది అద్దె పంపాల్సి వచ్చింది. వాడు నాలుగో నెలలో మానేసి సర్టిఫికెట్ కొనుక్కున్నాడు. వాణ్ణి నేను తప్పు పట్టలేను.

అసలు సంగతి మార్చిలో జరిగింది.

కాంక్రీటు పోసిన రోజే ఆ కలుపులోంచి కొంత తీసి ఇనుప అచ్చుల్లో ఘనాలు పోస్తారు. ఒక్కో వైపు 150 మిల్లీమీటర్లు. మర్నాడు అచ్చు విప్పి నీళ్ళ తొట్టిలో వేస్తారు. ఏడో రోజున కొన్ని, ఇరవై ఎనిమిదో రోజున కొన్ని మిషన్లో పెట్టి నలిపి చూస్తారు, ఎంత బరువుకి పగిలిందీ అని. ఎం 25 అన్న రకం కాంక్రీటైతే ఇరవై ఎనిమిది రోజులకి చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్లు తట్టుకోవాలి. మనం అన్నం మెతుకు పట్టి చూసినట్టే, కాకపోతే ఇక్కడ మెతుకు ఉడికేందుకు ఇరవై ఎనిమిది రోజులు. ఈ పనిని ఎట్టకేలకు మా పిల్లకి అప్పగించారు. అచ్చుకి నూనె రాయడం, మూడు పొరలుగా నింపడం, ఒక్కో పొరకీ 35 పోట్లు పొడవడం, తేదీ రాయడం, అన్నీ తనే. దానికి అది ఎంత గొప్పగా ఉండేదో! "నా క్యూబులు" అనేది. పిల్లల గురించి మాట్లాడినట్టు.

మూడో స్లాబు క్యూబులు ఇరవై ఎనిమిదో రోజున తీద్దామని తొట్టి దగ్గరికి వెళితే మూడు లేవు. ఉన్నవేమో ముందే నలిపేసిన ఏడు రోజుల ముక్కలు. సైటంతా వెతికింది. ఆఖరికి కూలీల పాకల దగ్గర కనబడ్డాయి. మూడూ పొయ్యి రాళ్ళయి ఉన్నాయి. పైన అన్నం కుండ ఉడుకుతోంది. వారం రోజులుగా మంటలో కాలి, మూలలు నల్లబడి, బీటలు వారి ఉన్నాయి. ఎవరిని ఏమంటాం? చదరంగా, ఎత్తు సమానంగా, చక్కగా ఉన్న రాళ్ళు మూడు తొట్టిలో పడున్నాయి, వండుకునే వాళ్ళకి పొయ్యి కావాలి.

వెళ్ళి సైటు ఇంజినీరుకి చెప్పింది. ఆయన వయసు కూడా ఎంతని, పాతికేళ్ళు ఉంటాయేమో. మూడు బ్లాకులు ఒక్కడే చూస్తాడు. బిల్లు పాసయ్యే రోజు అది. రిజిస్టర్లో ఆ మూడు గడులు ఖాళీగా ఉంటే బిల్లు ఆగుతుంది. "రెండో స్లాబుకి ఎంతొచ్చింది? ఇరవై ఎనిమిది చిల్లర కదా. కాస్త అటూ ఇటూగా మూడు అంకెలు వేసెయ్. కింద టెస్ట్ చేసింది నువ్వేనని సంతకం పెట్టు. ఎలాగూ ఏడు రోజులవి బాగానే వచ్చాయిగా" అన్నాడట.

అది రాత్రి ఫోను చేసింది. ఏడవడం లేదు, గొంతు మాత్రం సన్నగా ఉంది. రేపు పొద్దున పదింటికల్లా రాయాలట. ఆ మనిషే దాని లాగ్‌బుక్కు మీద సంతకం పెట్టాలి. ఆ మనిషే మార్కులు వెయ్యాలి. ఇంక రెండు నెలలే ఉంది.

మా వారు ఫోను లాక్కుని "రాసెయ్ అమ్మా, కాంక్రీటు బాగానే ఉందన్నావుగా, మనకెందుకు" అన్నారు. ఆయన భయం ఆయనది, ఆరు నెలలూ వృథా పోతే మళ్ళీ ఏడాది ఫీజు. అత్తయ్యగారు పక్క గదిలోంచి "ఏమైందే, పిల్ల పడిపోయిందా" అని అరుస్తున్నారు. నేను ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. నాకు కాంక్రీటు తెలియదు. "నిజంగా బాగానే ఉందా?" అని అడిగాను. "ఉండొచ్చమ్మా. కానీ చూడలేదు కదా" అంది. "చూడనిది చూశానని రాస్తే, రేపు ఆ అంకెలు ఎవరు చదువుతారు?" "నా తర్వాత వచ్చేవాళ్ళంతా. అది చూసే పై స్లాబు మీద లోడు వేస్తారు." కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "నీకేం చెయ్యాలనుంది?" అన్నాను. "క్యూబులు పాడయ్యాయి, పరీక్ష చెయ్యలేదు అని రాస్తాను" అంది. "అయితే అదే రాయి. లాగ్‌బుక్కు సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. రాయమని నేను చెప్పినట్టు కాదు, రాయొద్దని చెప్పనట్టు. ఆ రాత్రి మా వారు నాతో మాట్లాడలేదు.

పొద్దున అలాగే రాసింది. ఆ ఇంజినీరు రిజిస్టరు విసిరి కొట్టాడట. మర్నాటి నుంచి దీన్ని స్టోర్‌రూంలో కూర్చోబెట్టారు, గోతాలు లెక్కపెట్టమని. రెండు వారాలు. లాగ్‌బుక్కు మీద సంతకం ఆగిపోయింది. మధ్యలో కాలేజీ నుంచి లెక్చరర్ గారు చూడడానికి వచ్చారు. టీ తాగారు. పిల్ల చెప్పిందంతా విన్నారు. "నువ్వు చేసింది కరెక్టేనమ్మా, కానీ సర్దుకుపోవాలి" అన్నారు. ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో ఎలా ఇముడుతాయో తెలుగు బీఏ చదివిన నాకు కూడా అంతుపట్టలేదు. ఆయన చేతుల్లో ఏముందిలే, పాపం, వచ్చే ఏడాది పిల్లల్ని పంపడానికి ఆ కంపెనీ కావాలి.

ఏప్రిల్ మొదట్లో స్ట్రక్చర్ డిజైను చేసిన కన్సల్టెంటు వచ్చాడు. పెద్దాయన. రిజిస్టరు తిరగేస్తూ ఆ లైను దగ్గర ఆగాడట. "పరీక్ష చెయ్యలేదని రాసిందెవరు?" అన్నాడు. స్టోర్‌రూంలోంచి పిలిపించారు. దాని కాళ్ళు వణికాయట. ఆయన ఒక్కటే అడిగాడు, "పొయ్యి కింద ఎన్ని రోజులున్నాయి?" అని. తర్వాత స్లాబుని సుత్తి లాంటి ఒక పరికరంతో అక్కడక్కడా కొట్టి చూసే పరీక్ష చేయించాడు. కాంక్రీటు పగలకుండానే గట్టిదనం అంచనా తెలుస్తుందట. ఆ రోజంతా దీన్ని పక్కనే ఉంచుకుని రీడింగులు రాయించాడు. స్లాబు బాగానే ఉంది.

మీరు ఇంక అంతా సుఖాంతమే అనుకుంటున్నారేమో. లాగ్‌బుక్కు మీద సంతకాలైతే పడ్డాయి. మార్కుల కాగితంలో ప్రవర్తన అన్న గడి ఒకటి ఉంటుంది, అందులో "యావరేజ్" అని రాసి ఇచ్చాడు ఆ ఇంజినీరు. మా వారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు కొట్టులో ఎవరికో చెబుతుంటే విన్నాను, "మా అమ్మాయి రాయనందండీ, రాయలేదంతే" అని.

ఇంకో మూడు వారాలుంది. ఐదో స్లాబు పడింది. ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పైకి వెళ్ళొద్దని బాబాయ్ ఆర్డరు వేశాడట. ఆఫీసు వెనక బాత్రూంకి గడియ ఇంకా పెట్టలేదు. అది మాత్రం ఈసారి క్యూబుల మీద తేదీతో పాటు ఎర్ర రంగుతో పెద్ద అడ్డగీతలు గీసింది, చదువు రానివాళ్ళకి కూడా తెలిసేలా. పాకల దగ్గరికి వెళ్ళి, ఆ శ్రీకాకుళం ఆవిడని వెంటబెట్టుకుని, ఎవరికి పొయ్యి రాళ్ళు కావాలో అడిగి, ఏడు రోజులకి పగలగొట్టేసిన పాత ముక్కల్లో సమంగా ఉన్నవి ఏరి తలా మూడు చొప్పున పంచిపెట్టిందట.